మోచేతి దాకా గాజు

"చూడవ్వా, గాజు మోచేతి దాకా పోతాంది!" చెయ్యి పైకెత్తి మురిసిపోయింది కొత్త కోడలు దయామణి. డాక్టరమ్మ ఒళ్లు తగ్గమన్నప్పటి నుంచి, రెండు నెలలుగా ఒంటిపూటే తింటోంది.

భర్తకు నాయనమ్మ అయిన దీనమ్మ పాయసం గిన్నె ఆమె ముందుకు చాచింది. "ఆదివారం ఒక్కదినమన్నా తిను తల్లీ."

"ఒక్కదినం నోరు కట్టుకోకుంటే చేసిందంతా మట్టిపాలే!"

"నా చిన్నప్పటి కరువులో మా అక్క గాజు గూడా ఇట్లనే పైకి పాకింది. భుజం దాకా పోయిన దినం పూడ్చి వచ్చినాం."

దయామణి నవ్వు ఆగిపోయింది. రోజూ పొద్దున్నే అవ్వ తన చెయ్యి నిమిరేది ముద్దుకు కాదు, గాజు ఎంతదాకా జారుతుందో చూడటానికని ఇప్పుడు అర్థమైంది.

గాజు మణికట్టుకు దిగేలా చెయ్యి కిందికి దించేసింది.

"ఆదివారాలు నీ చేత్తోనే తింటాలే అవ్వా" అని నోరు తెరిచింది.