గాజుల చప్పుడు

సాక్షి జ్ఞాపకాన్నే కోర్టులో తెరమీద చూపించే కాలమది. ప్రాసిక్యూటర్ ఆఫీసులో బాధితులకు తోడుండే మంగతాయారు, పోయినసారి బాధితురాలు నీలవేణి తలకు పట్టీ కట్టి, ఒక గదిలో ఆమె మీద జరిగిన దాడి జ్ఞాపకం తీస్తుంటే, ఉండబట్టలేక ఆమె చెయ్యి పట్టుకుంది. మంగతాయారు గాజుల చప్పుడు ఆ జ్ఞాపకంలోకి ఎక్కేసింది. కల్తీ సాక్ష్యమని జడ్జిగారు పక్కన పడేసి, ఇంకొక్కసారి మాత్రం అవకాశమిచ్చారు.

ఇవాళ మంగతాయారు, అత్తగారు అపశకునమని తిడుతున్నా గాజులు తీసేసి వచ్చింది. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంది. కాళ్లు మాత్రం కుదురుగా ఉండటం లేదు.

"గాజులేవక్కా?" అంది నీలవేణి, పట్టీ బిగిస్తుంటే.

"తీసేశాను తల్లీ. మళ్లీ వినబడితే వాడు శిక్ష తప్పించుకుపోతాడు."

"పోయినసారి అవి వినబడబట్టే, ఆ గదిలో నాకూ ఒక మనిషుందనిపించిందక్కా."

యంత్రం మీద ఎర్రదీపం వెలిగింది. నీలవేణి కళ్లు మూసుకుని ఆ గదిలోకి ఒక్కతే వెళ్లింది. మంగతాయారు తన బోసిచేతుల మీద ఇంకా బరువుగా కూర్చుంది.