తెల్లగుడ్డ కింద

హిమాలయాల్లో కొండలకు తెల్లగుడ్డ కప్పే పనికి శ్రీకాకుళం నుంచి వచ్చి నూకరత్నానికి పదకొండేళ్లయింది. గుడ్డ కింద మంచు ఎండకు ఒక్కసారే కరిగిపోదు. చలికాలం కిందకు దిగిపోయిన కూలీలు వేసవి ముందు మళ్లీ పైకెక్కి చిరుగులు కుడతారు. మంచులో ఎన్ని నీళ్లున్నాయో తెల్లదనాన్ని చూసి ఉపగ్రహం లెక్కగడుతుంది. ఆ లెక్కనుబట్టే కరిగిన నీళ్లు పారే మంచుకాలవ పొడుగునా, నూకరత్నం ఊరిదాకా, జనం విత్తుకుంటారు.

పైకెక్కిన రోజు పొద్దున్నే తమ్ముడు సింహాద్రి ఫోన్ చేశాడు.

"అప్పా, ఈయేడు నీల్లకి లోటు నేదని కాలవ ఆఫీసోల్లు సెప్పినారు. ఇత్తనాలు సల్లీమంటావేటి?"

నూకరత్నం తలెత్తి చూసింది.

"కొండంతా తెల్లగా మెరిసిపోతందిరా. సల్లీండి."

తర్వాత చిరుగు కుట్టబోతూ గుడ్డ అంచు ఎత్తింది. కింద పొడిరాళ్లు. పక్కన ఎత్తింది. అక్కడా రాళ్లే. మధ్యాహ్నం దాకా కొండవాలంతా ఎత్తి చూసి, సింహాద్రికి ఫోన్ చేసింది.

"సల్లకండ్రా! ఇక్కడ మంచు నేదు, ఒట్టి గుడ్డే!"



"సల్లీసినాం అప్పా. ఆఫీసోల్ల మాట ఎవులూ నమ్మనేదు. నువ్వు కల్లారా సూసి సెప్పినావని, ఊల్లో ఉన్న ఇత్తనాలన్నీ సల్లీసినాం."