లోపల ఉన్న ఓస్సి

"మీరు ఇప్పటికే లోపల ఉన్నారు."

ఓస్సి ఫోన్‌లో ఐదోసారి అదే మాట. ఆరేళ్ళు ప్రాణం పెట్టి రాసిన డాక్టరేట్ గ్రంథానికి ఇవాళ అందరి ముందూ పరీక్ష. ఫోన్‌లోని సిమ్ కార్డే మనిషిని గుర్తుపట్టి, పాస్‌వర్డ్ అడక్కుండా క్యాంపస్ వైఫైలోకి పంపాలి, ఇంకెవరినీ పంపకూడదు. అతను కనిపెట్టింది అదే. అది పనిచేసి చూపించకపోతే డాక్టరేట్ లేనట్టే. తీరా చూస్తే అది బయట నిలబెట్టింది అతన్నే!

హాలు నిండా జనం. ఫిన్లాండ్ వాళ్ళు కదా, ఒక్కరూ నవ్వరు, ఒక్కరూ దగ్గరు. దానికన్నా నాలుగు తిట్టినా బాగుండేది.

"ఆఫ్ చేసి ఆన్ చెయ్యరా," పక్క కుర్చీలోంచి గొణిగాడు అతని గైడ్ రైమో.

"మూడుసార్లు చేశానండీ."

"సిమ్ తీసి తుడిచి పెట్టు."

తీశాడు. తుడిచాడు. పెట్టాడు. నల్లకోటు లోపల చొక్కా తడిసి ముద్దయింది.

"మీరు ఇప్పటికే లోపల ఉన్నారు."

"ఎక్కడున్నానురా దేవుడా!" పైకే అనేశాడు ఓస్సి. ముందు వరసలో వాళ్ళమ్మ తల దించేసుకుంది. అతనికి ఏడుపొక్కటే తక్కువ.

గ్రంథంలో తప్పులెన్నడానికే ఎస్టోనియా నుంచి పిలిపించిన ప్రొఫెసర్ హెల్వి, ఎదురు బల్ల దగ్గర కళ్ళజోడు సర్దుకుంది.

"పోనీలే బాబూ, యంత్రమన్నాక మొరాయిస్తుంది. నోటితోనే చెప్పండి. మీ పేరుతో ఇంకొకరు లోపలికి వెళ్ళగలరా?"

బతికించిందిరా తల్లి అనుకున్నాడు ఓస్సి.

"అసాధ్యమండీ. సిమ్ లోపల ఒక రహస్య సంఖ్య ఉంటుంది. అది తెలిసినవాళ్ళే వెళ్ళగలరు."

"అదెవరికి తెలుసు?"

"ఈ సిమ్ తయారుచేసింది నేనే కాబట్టి నాకు తెలుసు, నెట్‌వర్క్‌కు తెలుసు. మూడోవాళ్ళకు తెలిసే దారే లేదు."

"ఖాయమా?"

"నూటికి నూరుపాళ్ళు!"

రైమో కాస్త ఊపిరి పీల్చుకున్నాడు.

హెల్వి తన ల్యాప్‌టాప్‌ను నెమ్మదిగా ఓస్సి వైపు తిప్పింది. తెర మీద క్యాంపస్ వైఫై పేజీ. కింద పెద్ద అక్షరాలతో, "స్వాగతం, ఓస్సి."

"మరి మీ ఆచారం ప్రకారం పది రోజులుగా ఊరందరికీ తెరిచిపెట్టిన మీ పుస్తకంలో, నూట తొంభై మూడో పేజీలో 'ఉదాహరణ' అని అచ్చేయించిన సంఖ్య ఎవరిదండీ?"