నిండు కప్పు

"ఇవాళైనా తాగుతారంటావా?" ట్రేలో టీ కప్పు పక్కన కాగితం పెడుతూ అడిగాడు కార్యదర్శి.

వంటాయన ఆ కాగితం వంక చూశాడు. అది పొరుగు దేశం పంపిన సంధి పత్రం. సాయంత్రం ఐదులోపు ఒప్పుకోకపోతే యుద్ధమే. వంటాయన ఒక్కగానొక్క కొడుకు సరిహద్దులో ముందు వరసలో ఉన్నాడు.

దేశాన్నేలే పెద్దాయన నోటితో అవుననడు, కాదనడు. టీ తాగితే సరేనన్నట్టు, కప్పు నిండుగా తిరిగొస్తే కుదరదన్నట్టు. ఇరవై ఏళ్లుగా దేశం నడుస్తున్న తీరు అదే. ఇదేం పద్ధతని అడిగిన మంత్రి ఒకడు మళ్లీ ఎవరి కంటా పడలేదు.

"నిన్న మూడుసార్లు ఇస్తే మూడూ అలాగే తిరిగొచ్చాయి బాబూ. అన్నం కూడా ముట్టలేదు."

"అలకయ్యా, అలక! పొరుగు దేశం పత్రికలో తన ముక్కు పెద్దదిగా గీశారని పోయినసారి రెండ్రోజులు కుర్చీ దిగలేదు, మర్చిపోయావా? వెళ్లు, వెళ్లు."

లోపల గది చల్లగా బిగుసుకుపోయి ఉంది. పెద్దాయనకి చలంటే ఇష్టం. ఎప్పట్లాగే కుర్చీ కిటికీ వైపు తిరిగి ఉంది. వెనకనుంచి నెరిసిన తల, కుర్చీ పిడి మీద ఒక చెయ్యి కనిపిస్తున్నాయి. వారానికోసారి వచ్చే డాక్టరు తప్ప ఆయనకి ఎదురుగా వెళ్లే ధైర్యం ఎవరికీ లేదు.

వంటాయన కప్పు పక్కబల్ల మీద పెట్టి, చేతులు కట్టుకున్నాడు.

"అయ్యా, ఒక్క గుక్క తాగండయ్యా. మావాడికింకా పంతొమ్మిదేళ్లే. తల్లి లేని పిల్లాడు."

టీ మీద మీగడ కట్టింది. ఐదుకి ఇంకా నాలుగు నిమిషాలుంది.

తనే తాగేస్తే? ఎవరికి తెలుస్తుంది? వంటాయన గుండె చిక్కబట్టుకుని, చప్పుడు కాకుండా కప్పు తీసి పెదాలదాకా తెచ్చాడు. అప్పుడే కిటికీ నల్లద్దంలో పెద్దాయన కళ్లు కనిపించాయి. రెప్ప వేయకుండా తననే చూస్తున్నాయి.

వంటాయన పైప్రాణాలు పైనే పోయాయి.

"తప్పయిపోయిందయ్యా," అని గొణిగి, ట్రే పట్టుకుని బయటికొచ్చేశాడు.

నిండు కప్పు చూసి కార్యదర్శి నిట్టూర్చాడు. ఫోనెత్తి, "అయ్యగారు కుదరదన్నారు. మొదలుపెట్టండి," అన్నాడు. వంటాయన గోడకి చేరగిలబడి, పైపంచె నోట్లో కుక్కుకుని ఏడ్చాడు.

ఆరింటికి డాక్టరు వచ్చేసరికి దూరంగా ఫిరంగులు మోగుతున్నాయి. లోపలికెళ్లినవాడు నిమిషంలో బయటికొచ్చాడు. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పెద్దాయన నిన్న పొద్దున్నే పోయారు," అన్నాడు.