రేపటి సూది

"రేపటి నుంచి ఈయనకి సూది నేను వెయ్యను డాక్టరుగారూ."

మాస్టారి భార్య ఆ మాట అందరి ముందూ అనేసింది. అందరూ అంటే ఎవరో కాదు, డాక్టరమ్మ, తలుపు దగ్గర నిలబడ్డ నర్సు. అయినా రిటైరైన స్టేషన్ మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ఆయన షుగరుకి పొద్దునా సాయంత్రం ఇన్సులిన్ పడాలి. ఏళ్ళ తరబడి ఆ సూది వేస్తున్నది ఆమే. ఆయన చేసే కష్టమల్లా చొక్కా పైకెత్తి పేపరు చదువుకోవడం. ఇవాళ పొద్దుటి సూది కూడా వెయ్యకుండా, అన్నీ సంచీలో సర్దుకుని, ఆయన్ని ఇక్కడికి లాక్కొచ్చింది.

"మతి పోయిందా నీకు? నువ్వు వెయ్యకపోతే ఎవరు వేస్తారు?"

"మీరే."

"నా పొట్టలో నేనే పొడుచుకోవాలా? చూశారా డాక్టరమ్మా ఈవిడ వరస! ఈమధ్య అన్నీ ఇంతే. రెండుసార్లు పిలిస్తే గాని పలకదు. కాఫీ చల్లారాక తెస్తుంది. నేను బరువైపోయాను, అదీ సంగతి."

ఆమె కుర్చీ అంచున కూర్చుని, ఒళ్ళో చేతిసంచీని గట్టిగా పట్టుకుంది.

డాక్టరమ్మది వీధి చివర చిన్న క్లినిక్. ఏళ్ళ తరబడి మందులు మింగేవాళ్ళకి చీటీ రాసిచ్చి పంపేస్తే చాలదని, ముందు మనిషిని అడగాలని, వినాలని ఆమె పట్టుదల. ఒక్కొక్కరితో అరగంట కూర్చుంటుంది. బయట బెంచీ మీదవాళ్ళు సణుక్కుంటూనే ఉంటారు, మళ్ళీ ఆమె దగ్గరికే వస్తారు.

"మాస్టారూ, మీకు పొద్దున ఎన్ని యూనిట్లు?"

మాస్టారు భార్య వైపు చూశారు.

"అటు చూడకండి. మీరు చెప్పండి."

"అవన్నీ ఆవిడ డిపార్టుమెంటమ్మా."

"పోనీ, ఇంట్లో సీసా ఎక్కడుంటుంది?"

"అలమరలో కాబోలు."

"ఫ్రిజ్‌లో," అంది భార్య మెల్లగా.

"షుగరు పడిపోయి కళ్ళు తిరిగితే ముందు ఏం చెయ్యాలి?"

"ఈవిణ్ణి పిలవాలి."

నర్సు కిసుక్కున నవ్వింది. డాక్టరమ్మకి మాత్రం నవ్వు రాలేదు. సంచీలోంచి సీసా, సిరంజి తీయించి ఆయన ముందుకి జరిపి, ఏ గీత దాకా మందు లాగాలో చూపించింది.

"కళ్ళు తిరిగితే ముందు చక్కెర నోట్లో వేసుకోవాలి. గుర్తుంచుకోండి. ఇక సూది పట్టుకోండి. మీకు వచ్చేదాకా ఇక్కణ్ణించి ఎవరమూ కదలం."

మాస్టారు బేరానికి దిగారు. నర్సుని కుదుర్చుకుంటానన్నారు. తమ్ముడి కోడల్ని పిలిపిస్తానన్నారు. రోజుకి రెండుసార్లు మీ కోసం ఎవరు పరిగెత్తుకొస్తారని డాక్టరమ్మ అడిగింది. చివరికి గొంతు తగ్గించి భార్య మీదికి వంగారు.

"ఈ ఒక్క నెలా వెయ్యవే. తర్వాత నేర్చుకుంటా, ఒట్టు."

"నెల కుదరదండి."

"ఏం, నీకేం రాచకార్యాలున్నాయి?"

"సీసా అరచేతుల మధ్య దొర్లించండి," అంది భార్య. "ఊపకండి, నురగొస్తుంది."

"నాకు తెలుసులే!"

తెలియదు. మొదటిసారి గాలి లాగారు. రెండోసారి మందు ఎక్కువ లాగారు.

"గీత దాటిందండీ."

"ఒక్క గీతకే ఏం మునిగిపోతుంది?"

"మీరే," అంది డాక్టరమ్మ.

మాస్టారికి చెమట పట్టింది. జీవితమంతా ఒకరికి చెప్పి చేయించుకున్న చేతుల్లోంచి సిరంజి జారబోయింది. భార్య అలవాటుగా చెయ్యి చాపబోయి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. అది ఆయన కంటపడింది. ఒళ్ళు మండిపోయింది.

"అక్కర్లేదు! నీ సాయం ఎవడిక్కావాలి?"

ఆ కోపంలోనే సరిగ్గా గీత దగ్గర ఆపారు. బుడగ పోయేదాకా సిరంజిని వేలితో తట్టారు. పొట్ట మీద కండ మడత పట్టుకుని, కళ్ళు మూసుకోకుండా, పొడుచుకున్నారు. మెల్లగా నొక్కి, కాసేపు ఆగి, సూది బయటికి తీశారు. ఏమీ కాలేదు. చీమ కుట్టినంత కూడా లేదు.

"రేపు పొద్దున ఎక్కడ పొడుచుకుంటారు?" డాక్టరమ్మ అడిగింది.

"ఇక్కడ కాదు, పక్కన. ఇంటికెళ్ళగానే తినాలి. సీసా ఫ్రిజ్‌లో పెట్టాలి. అంతేగా! దీనికేనా ఇన్నాళ్ళూ ఈవిడ అంత హడావిడి చేసింది?"

లేచి, చొక్కా సర్దుకుని, భార్య ముందు ఛాతీ విరుచుకుని నిలబడ్డారు మాస్టారు.

"విన్నావుగా? ఇక నువ్వు లేకపోయినా నాకేం లోటు లేదు!"

నర్సు ముఖం పక్కకి తిప్పుకుంది. డాక్టరమ్మ తల దించుకుంది. మాస్టారి భార్య మాత్రం తృప్తిగా నవ్వింది.

"నాకున్న ఈ కాసిని రోజుల్లో ఏం కావాలని అడిగారు కదా డాక్టరుగారూ, నాక్కావలసింది అయిపోయింది," అంది. "మగతలో ఈయన సూది గీత తప్పుతానేమోనని ఇన్నాళ్ళూ వద్దన్నానే, ఆ కేన్సరు నొప్పి మందు, అదిక నాకిచ్చెయ్యండి."