ఏడో గడి

“బీరువా తాళంచెవి ఏదమ్మా?” గుమ్మంలోంచే అడిగాడు క్లబ్బు సెక్రటరీ.

రిజిస్టరమ్మ హ్యాండ్‌బ్యాగుని దగ్గరికి లాక్కుంది. తాళంచెవి అందులోనే ఉంది. పాతికేళ్లుగా ఆ గదిలో కూర్చుని రిజిస్టర్లు రాస్తూ రాస్తూ అసలు పేరే పోగొట్టుకున్న మనిషి, ఆఫీసులో అబద్ధం చెప్పడం అదే మొదటిసారి.

“ఇంట్లో మరిచిపోయానండీ. ఏం కావాలి?”

“మొదటి ఏడాది గెలిచిన స్కోరు కార్డు. రజతోత్సవం కదా, హాల్లో అద్దాల పెట్టెలో పెడుతున్నాం. రేపు టీవీ వాళ్లు దగ్గర్నుంచి తీస్తారట, ఒక్కో అంకె కనపడేలా.”

“జెరాక్సు పెడితే చాలదాండీ?”

“భలేదానివమ్మా. పన్నెండు మందితో మొదలైన గోల్ఫ్ పోటీ మనది. గిన్నెల కొట్లో కొన్న కప్పు చేతిలో పెట్టి పంపించాం. ఇవాళ ఎనిమిది దేశాల వాళ్లు ఏడాది ముందే హోటల్ గదులు పట్టేసుకుంటున్నారు. ఇదంతా ఎవరి చలవ? ఆ కార్డు మీద సంతకం పెట్టినాయన చలవ. భోజనాల వేళకి వెళ్లి తాళం తెచ్చెయ్యి.”

ఆయన అడుగుల చప్పుడు దూరమయ్యాక తలుపు దగ్గరికి వేసి బీరువా తెరిచింది. అడుగు అరలో, అట్టల మధ్య, కార్డు అలాగే ఉంది.

ఆ మొదటి ఏడాది దెబ్బల లెక్క రాసే మనుషులు చాలక, ఆఫీసు గుమాస్తా అయిన తననే పొమ్మన్నారు. పంతొమ్మిదేళ్ల కుర్రాడి వెనక గొడుగు పట్టుకుని రోజంతా నడిచింది. బంతిని కొట్టిన ప్రతి దెబ్బకీ కార్డు అంచున ఒక గీత, బంతి గుంటలో పడ్డాక గీతలు లెక్కపెట్టి గడిలో అంకె. చెరువు పక్క ఏడో గుంట దగ్గర జోరున వాన. గీతలు ఆరు పడ్డాయి. గడిలో అయిదు వేసింది. కుర్రాడు కింద సంతకం పెట్టాడు, అందరికన్నా ఒక్క దెబ్బ తక్కువతో గెలిచాడు.

రెండు రోజుల తర్వాత రిజిస్టర్లోకి ఎక్కిస్తూ చూసుకుంటే ఆ తేడా కంటపడింది. గోల్ఫ్ నియమం ప్రకారం, అసలుకన్నా తక్కువ అంకె వేసిన కార్డు మీద సంతకం పెడితే ఆటగాడు పోటీలోనే లేనట్టు. అప్పటికే పేపర్లో అతని ఫొటో వచ్చేసింది. ఆ కప్పు గెలిచినందుకే అతనికి పెద్ద పోటీ నుంచి పిలుపొచ్చింది. ఎవరికీ చెప్పలేకపోయింది. పోనీ చించేద్దామంటే, ఉద్యోగంలో చేరాక రికార్డు కాగితం ఒక్కటి చించిన పాపాన పోలేదు.

మరుసటి ఏటికి అతను పేరున్న ఆటగాడైపోయాడు. పిలిచి చూద్దాం, వస్తే వచ్చాడు అన్నారు. క్లబ్బుకి లెటర్‌ప్యాడ్ కూడా లేని రోజులు. ఖాళీ స్కోరు కార్డు వెనక తనే ఆహ్వానం రాసి పంపింది. రెక్కలు కట్టుకుని వాలాడు. ఆ పైయేడు ఇద్దరు చాంపియన్లని వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ల వెనక టీవీ, టీవీ వెనక జనం. లెటర్‌ప్యాడ్లు వచ్చినా సెక్రటరీ ఆ పద్ధతి మార్చనివ్వలేదు. ఏటా ఖాళీ కార్డు, ఆమె చేతిరాత. ఒక ఏడు ఒళ్లు కాలిపోయే జ్వరంతో వచ్చాడు, ఇంకో ఏడు కాలికి కట్టుతో వచ్చాడు. ఎప్పుడొచ్చినా ముందు ఈ గదికే.

“పాత కాగితాలన్నీ భద్రమేనా అక్కా?” అనేవాడు.

“నేనుండగా ఒక్కటి కూడా ఎక్కడికీ పోదు బాబూ,” అనేది.

ఎంత అభిమానం ఈ క్లబ్బంటే. అదే ఆమెను కోసేసేది. కార్డు చేతిలో పట్టుకుని, బస్సు డిపోలో ఉన్న భర్తకి ఫోన్ చేసి సంగతి చెప్పింది.

“చించి చెరువులో పారెయ్,” అన్నాడు ఆయన.

“మీ బస్సు బ్రేకులు పీకి పారెయ్యమంటే పారేస్తారా?”

“అయితే అతనికే చెప్పెయ్. రేపు ఊరందరితో పాటు టీవీలో చూసి తెలుసుకునేకన్నా నయం.”

“చెబితే మళ్లీ నా మొహం చూడడండీ. వాడి పేరు నేను చేజేతులా ముంచినట్టవుతుంది.”

తలుపు చప్పుడైంది. ఫోన్ పెట్టేసి కార్డుని రిజిస్టర్ కిందికి తోసింది. గుమ్మంలో అతనే, చాంపియన్. మొహం పాలిపోయి ఉంది. ప్రయాణం బడలిక కాబోలు అనుకుంది.

“కార్డు బయట పెడుతున్నారటగా అక్కా?”

ఇక దాచడం తన వల్ల కాలేదు. గొళ్లెం పెట్టి వచ్చి, కార్డు తీసి అతని ముందు పెట్టింది.

“తప్పంతా నాది బాబూ. ఆ వానలో ఒక గడిలో పొరపాటు పడింది. నీకు పాపం ఏమీ తెలీదు. పాతికేళ్లుగా ఈ భయంతోనే చస్తున్నాను.”

అతను జేబులోంచి కళ్లజోడు కూడా తీయలేదు. వేలు తిన్నగా వెళ్లి ఏడో గడి మీద ఆగింది.

ఆమె ఏ గడో చెప్పనే లేదు. “ఎప్పట్నుంచి తెలుసు?”

“సంతకం పెట్టేముందే చూశాను.”

“మరి... జ్వరమొచ్చినా, కాలు విరిగినా, మా మీద అంత ప్రేమగా ఏటా ఎలా వచ్చేవాడివి?”

అతను కోటు లోపలి జేబులోంచి ఈ ఏటి ఆహ్వానం తీసి పాత కార్డు పక్కన పెట్టాడు. రెండిటి మీదా అవే గడులు, అదే వాలు చేతిరాత.

“ఏటా ఇలాంటి కార్డే పంపిస్తుంటే, రాకపోతే పాతది బయటపెడతారనుకున్నానక్కా.”