తాగని కాఫీ, తడిసిన వాకిలి

తమ కంపెనీ రాతిపలకల్లా అచ్చులేసి ఇచ్చిన ఆ కాంక్రీటు వాకిలిని ముంతసిర్ మళ్ళీ నీళ్ళతో తడిపాడు. తడిస్తేనే ఫొటోలో రంగు తేలుతుంది. జోర్డాన్‌లోని అమ్మాన్ ఎండకి అది ఇట్టే ఆరిపోతోంది. ప్రకటనకి ఫొటో ఏదని ఆఫీసు నుంచి ఒకటే ఫోన్లు.

ఇంటి పెద్దాయన ఇచ్చిన కాఫీని తాగకుండా నేలమీద పెట్టి, కెమెరాతో దాని చుట్టూ తిరిగాడు. కప్పు జరిపాడు. కిటికీ వైపు చూశాడు. మళ్ళీ జరిపాడు.

"చల్లారిపోతోంది, తాగవయ్యా."

"ఒక్క ఫొటో, బాబాయ్. వెలుతురు కుదరట్లేదు."

"పోయినవారమూ ఇదే అన్నావు. అంతకుముందు మబ్బన్నావు. ఇన్నిసార్లు తీయడానికి ఇదేమైనా రాజుగారి కోటా?"

ముంతసిర్ చెమట తుడుచుకున్నాడు.

పెద్దాయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మనలో ఇచ్చిన కాఫీ ముట్టకుండా కింద పెట్టేదెవరు? పిల్లనడగడానికి వచ్చినవాడు. పిల్ల తరఫువాళ్ళు సరేనంటేనే తాగుతాడు."

"అయ్యో, ఇది ప్రకటన కోసం బాబాయ్!"

"అయితే తాగెయ్."

ముంతసిర్ వంగాడు. చెయ్యి కప్పుదాకా వెళ్ళి, వెనక్కి వచ్చేసింది.

కిటికీ రెక్క కొంచెం తెరుచుకుంది. లోపలి నుంచి పెద్దాయన కూతురు అరీజ్ గొంతు వినిపించింది.

"సరేనని చెప్పెయ్యి నాన్నా. వారానికోసారి వచ్చే నీళ్ళు, అన్నీ ఈయన వాకిట్లోనే పోసేస్తున్నాడు."